గట్టు మీది గోళీ

“ఆ పెట్టె ఏదో ఒకరోజు అంటుకుంటుందండీ. ఇల్లంతా బూడిదయ్యాక అప్పుడు అడగండి నన్ను,” అంది తల్లి, కూతురి గది గుమ్మంలో నిలబడి.

“అంటుకుంటే ముందు నీ భయాలే కాలతాయిలే,” అన్నాడు తండ్రి, పేపర్లోంచి తలెత్తకుండానే.

కూతురిది లెక్కలతో పని. కడుపులో బిడ్డ మొదలైనప్పుడు కణాలన్నీ ఒకేలా ఉంటాయట. వాటిలో ఏది ఎముకవుతుందో, ఏది నెత్తురవుతుందో సమీకరణాలు రాసి కంప్యూటరుకిస్తే, అది వేలసార్లు ఆడించి చూస్తుందట. తల్లి బుర్రకెక్కింది అంతవరకే. ఆ కంప్యూటరు పదకొండు రోజులుగా రొద ఆపలేదు.

కూతురు ల్యాబుకు వెళ్ళాక తల్లి ఆ కంప్యూటరు పెట్టె మీద చెయ్యేసి చూసింది. పెనంలా కాలుతోంది. గోడ దగ్గర స్విచ్చి కట్టేసింది. అది చాలదన్నట్టు పైన తడిగుడ్డ కప్పింది.

అప్పటిదాకా తేలిన లెక్కల్ని కంప్యూటరు మధ్యలో ఎక్కడా దాచుకోలేదట. పదకొండు రోజులూ గాల్లో కలిశాయి.

కూతురు తిట్టలేదు. తిట్టినా బాగుండునని తల్లి ప్రాణం కొట్టుకుంది. నాలుగు రోజులుగా ఆ పిల్ల కంచం ముందు తలాడించడమే తప్ప పెదవి విప్పలేదు. తువ్వాలు ఏదని విసుక్కుంటూ పిలిచినా చాలు, పరుగెత్తుకెళ్దామని తల్లి వంటింట్లో చెవులప్పగించి తిరిగింది. ఈ పంతంతో పిల్ల ఇల్లు విడిచి హాస్టలుకు పోతుందేమో, అక్కడ జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కుండదేమో అని అంతదాకా ఊహించుకుంది.

ఐదో రోజు సాయంత్రం టీ పట్టుకుని గదిలోకి వెళ్ళింది. కూతురు తెరకేసి చూస్తోంది. బల్ల మీద కాగితంలో ఒక కొండ బొమ్మ. కొండకు అటూ ఇటూ రెండు పల్లాలు, నడిమి గట్టు మీద చిన్న గోళీ.

“ఈ గోళీ కణమేనా?” అని అడిగింది తల్లి.

కూతురు ఇంకో మీట నొక్కింది.

“అటు దొర్లితే ఎముక, ఇటు దొర్లితే నెత్తురు. అంతేనా? ఒకసారి పల్లంలో పడ్డాక ఇక పైకి రాదు కదే, పాపం.”

టీ మీద మీగడ కట్టింది. కప్పు తీసుకుపోవడానికి తల్లికి మనసొప్పలేదు. మంచం అంచున కూర్చుని, కూతురి జడ కేసి చూస్తూ ఉండిపోయింది. పక్కగదిలో తండ్రి పేపరు మడిచిన చప్పుడైంది.

“రాదనే అందరూ అనుకున్నారమ్మా,” అంది కూతురు, తెర మీంచి చూపు తిప్పకుండా. “కొన్ని వస్తాయి. ఎంత తోస్తే వస్తాయో, అదే నేను వెతుకుతున్నది. ఇటు జరుగు, అక్కణ్ణించి నీకు కనబడదు.”