రెండో కేబుల్

అప్పయ్యకి గుండెనొప్పి వేట నుంచి తిరిగొస్తుండగా పడవలోనే వచ్చింది. నాగాయలంక నుంచి బందరు తీసుకొచ్చి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రెండు రోజులకి తేరుకుని మాట్లాడాడు. భార్య రాజకుమారి పక్కన కూర్చుంటానంటే ఐసీయూలోకి రానివ్వలేదు.

"స్క్రీన్‌లో మేం చూస్తూనే ఉంటాం, బయట ఉండండమ్మా" అంది నర్సు రామలక్ష్మి.

ఆ ఆసుపత్రిలో నెట్‌వర్క్ పనంతా ఫర్హానాది. మేడమీది ఐసీయూలో ఒక స్విచ్, కింద సర్వర్ గదిలో ఇంకొకటి. బెడ్ల పక్క మానిటర్ల అంకెలు సర్వర్‌కి చేరి, నర్సుల స్క్రీన్ మీదికి వచ్చేది ఈ స్విచ్‌ల గుండానే. ఆ రెంటి మధ్య రెండు కేబుళ్లు వేసి ఒకే లింకుగా కలిపారు. ఏ మానిటర్ సమాచారం ఏ కేబుల్‌లో వెళ్లాలో స్విచ్చే పంచుతుంది. ఒకటి తెగితే రెండోది మొత్తం మోస్తుంది. బిగించిన కాంట్రాక్టర్ గిరీష్ మాత్రం, స్విచ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకుని కేబుల్ బాగుందో లేదో చూసుకునే ఏర్పాటు పెట్టలేదు.

"పాత స్విచ్‌కీ కొత్తదానికీ పొత్తు కుదరట్లేదండీ. ప్రస్తుతానికి ఇలా కానివ్వండి" అన్నాడు. ఫర్హానా సరేనంది.

మూడోరోజు పొద్దున రామలక్ష్మి ఫోన్ చేసింది.

"ఫర్హానా గారూ, మూడో బెడ్ అప్పయ్యవి అంకెలు కదలట్లేదండీ. మిగతావి బాగానే ఉన్నాయి."

ఫర్హానా తన కంప్యూటర్ నుంచి చూసింది. తను పంపిన పిలుపుకి మూడో బెడ్ మానిటర్ బదులిచ్చింది. స్విచ్ మీద రెండు కేబుళ్లకీ పచ్చలైట్లు వెలుగుతున్నాయి.

"లింకు బాగానే ఉందండీ. స్క్రీన్ ఒకసారి ఆపి పెట్టండి."

"ఆఁ, వచ్చాయండీ అంకెలు" అంది రామలక్ష్మి కాసేపాగి.

వచ్చినవి సర్వర్‌లో మిగిలిపోయిన పాత అంకెలు, అవే మళ్లీ మళ్లీ తిరుగుతున్నాయి. అంతలో యాక్సిడెంట్ కేసు రావడంతో ఆమె పక్కగదిలోకి పరుగెత్తింది. మూడో బెడ్ గది అద్దాల తలుపు మూసి ఉంది. లోపల మానిటర్ మోగింది కాని, పక్కగది అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. ఇంజెక్షన్ చెయ్యడానికి ఆమె వెళ్లేసరికి అప్పయ్య ఒళ్లు చల్లబడుతోంది. డాక్టర్ వచ్చి ఛాతీ మీద ఎంత ఒత్తినా లాభం లేకపోయింది.

బయట స్క్రీన్‌లో మాత్రం అతని గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

కబురు వినగానే ఫర్హానా మేడమీదికి పరుగెత్తింది. ఒక కేబుల్ పీకింది. మార్పు లేదు. దాన్ని తిరిగి పెట్టి రెండోది పీకింది. స్క్రీన్ మీద మూడో బెడ్ గీత ఒక్కసారిగా చదునైపోయింది.

రెండో కేబుల్ లోపల చచ్చి ఉంది. లైటు వెలుగుతోంది కాబట్టి స్విచ్ దాన్ని నమ్మి, అప్పయ్య మానిటర్ పంపినవన్నీ అందులోకే తోసింది; దాన్ని పీకాకే అవి మంచి కేబుల్‌లోంచి స్క్రీన్‌కి చేరాయి. ఫర్హానా కంప్యూటర్ వంతుకు మంచి కేబుల్ పడింది, అందుకే ఆమెకి అంతా బాగున్నట్టు కనపడింది.

మర్నాడు మేనేజర్ పిచ్చేశ్వరరావు ఇద్దర్నీ పిలిచాడు.

"నర్సు అజాగ్రత్త. అంతే. నెట్‌వర్క్ ఊసు బయటికి రాకూడదు."

"ఆవిడ నాకు ఫోన్ చేశారండీ. బాగానే ఉందని చెప్పింది నేను" అంది ఫర్హానా.

"నువ్వేం చెప్పావని ఎవరడిగారమ్మా?"

సాయంత్రానికల్లా ఇద్దర్నీ పనిలోంచి తీసేశారు.

దినకర్మలయ్యాక ఫర్హానా నాగాయలంక బస్సెక్కింది. రాజకుమారి ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. ఫర్హానా నిలబడే జరిగిందంతా చెప్పింది. రాజకుమారి చేపలు తిరగేస్తూనే వింది.

"నేను తలుపు దగ్గరే కూర్చున్నానమ్మా" అంది చివరికి. "లోపలికి రానిచ్చుంటే, మా ఆయన ఊపిరి ఆడుతోందో లేదో నాకు తెలియకపోనా?"

ఫర్హానా ఆమె ఎదురుగా కింద కూర్చుంది.

"నువ్వు చెప్పిందంతా పోలీసుల ముందు చెప్తావా?" అంది రాజకుమారి.

"చెప్తానండీ."

చెప్పింది. కేసయింది. ఆసుపత్రి వాళ్లు తప్పంతా గిరీష్ మీదికి తోశారు, గిరీష్ ఫర్హానా మీదికి తోశాడు. బందరులో ఏ ఆసుపత్రీ రామలక్ష్మిని పనిలోకి తీసుకోలేదు. ఆమె గుడివాడలో ఓ ముసలావిడకి ఇంటిదగ్గర సేవ చేయడానికి కుదిరింది. మంచం పక్కనే కుర్చీ వేసుకుంటోందట.

వాయిదాలకి రాజకుమారి ఒక్కతే వస్తుంది. ఫర్హానా కనపడితే తలాడిస్తుంది.