గోడ చివర దాకా

జూలై రెండో శనివారం, పదకొండున్నర ప్రాంతంలో, ఇటలీలోని త్రియెస్తె రేవు పక్కనున్న పెడోచిన్ తీరంలో, నెరీనా ఆడవాళ్ల వైపు నుంచి ఈదుకుంటూ వెళ్లి గోడ చివర దాటింది. ఆమెకి అరవై ఏడేళ్లు. అప్పటిదాకా ఛాతీ లోతు దాటి నీళ్లలోకి వెళ్లింది లేదు.

ఆ తీరాన్ని తెల్లగోడ ఒకటి రెండుగా చీలుస్తుంది. ఇటు ఆడవాళ్లు, పిల్లలు. అటు మగవాళ్లు. గోడ గులకరాళ్ల మీదుగా వచ్చి, సముద్రంలోకి కొంత దూరం పోయి ఆగిపోతుంది. నెరీనా, ఆమె భర్త సిల్వానో పెళ్లయిన నాటి నుంచీ ప్రతి వేసవిలో గేటు దాకా కలిసి వచ్చి, అక్కడ విడిపోయి, భోజనాల వేళకి మళ్లీ అక్కడే కలుస్తారు. గోడ తీసేద్దామని ఎవరైనా అంటే ముందు ఆడవాళ్లే ఒప్పుకోరు.

ఆ ఉదయం నెరీనా గోడ నీడలో తువ్వాలు పరుచుకుని పీచ్ పండు కోస్తోంది. అవతల మగవాళ్లు పేకాడుతున్నారు. గోడ మనుషుల్ని ఆపుతుంది గానీ మాటల్ని ఆపదు.

"మా ఆవిడా? ఈతా?" సిల్వానో గొంతు. "మొహం కడుక్కోడానికి కూడా లోతు చూసుకునే రకం."

అటు మగవాళ్లు నవ్వారు. ఇటు ఆడవాళ్లూ నవ్వారు. నెరీనా పండు కోయడం ఆపింది.

జూన్ నుంచి ఆమెకి స్నేహితురాలు ఫుల్వియా ఈత నేర్పుతోంది. సిల్వానోకి తెలియదు. ఆగస్టులో ఆయన పుట్టినరోజున గోడ చివర కనిపించాలని ఆమె అనుకుంది.

"ఆగస్టు దాకా ఆగలేనే" అంది నెరీనా, పక్కనే కూర్చున్న ఫుల్వియాతో.

"కాలు అందని చోట నువ్వింతవరకూ ఈదలేదు."

"అందితే నడిచే వెళ్లేదాన్ని కదా."

"సరే, పద. నేను పక్కనే ఉంటా."

"ఉండు, కానీ మాట్లాడించకు. నువ్వు మాట్లాడితే నేను జవాబు చెప్తాను, నీళ్లు మింగుతాను."

ఇద్దరూ దిగారు. సగం దూరంలో కాలికి నేల తగలడం మానేసింది. నెరీనా గోడనే చూస్తూ చేతులాడించింది. ఒకసారి ఉప్పునీళ్లు మింగింది. వెనక్కి తిరగబోతే ఫుల్వియా గడ్డంతో ముందుకి చూపించింది. నోరు మాత్రం విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎవరూ చూసి ఎరగరు.

గోడ దాటాక తాడు, దానికి కట్టిన తేలే బంతులు. నెరీనా తాడు పట్టుకుంది. సిల్వానో ఒడ్డున వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు.

"సిల్వానో, మొహం కడుక్కోడానికి వచ్చాను. సబ్బు పట్రా."

ఆయన తిరిగాడు. లేచాడు. పరిగెత్తి నీళ్లలో పడ్డాడు. "ఒరేయ్, ముక్కలు కిందపెట్టి పో" అని జోడీ ఆటగాడు అరిచాడు. సిల్వానో వినలేదు. ఒంటిచేత్తో ఈదుకుంటూ వచ్చాడు. రెండో చేతిలో మూడు పేకముక్కలు.

"ఎవరు నేర్పారే?"

"ముందు ఊపిరి తీసుకో."

"నిజంగా ఈదే వచ్చావా?"

"లేదు, బస్సెక్కి వచ్చాను."

ఆయన నవ్వబోయి నీళ్లు మింగాడు. దగ్గు ఆగాక ఒడ్డుకేసి తిరిగి, అందరికీ వినపడేలా అన్నాడు: "చూశార్రా? మా ఆవిడ."

నెరీనా ఆయన చేతిలోని ముక్కలు లాక్కుని చూసింది. "ఇవా నీ ముక్కలు? ఓడిపోతుంటే పారిపోయి వచ్చావన్నమాట." వాటిని ఈత దుస్తుల పట్టీ కింద దోపుకుని వెనక్కి మళ్లింది.

సిల్వానో వెంట బయల్దేరాడు. కాపలా మనిషి ఈల వేశాడు. "అటు ఆడవాళ్లది, సిల్వానో గారూ." ఆయన ఆగిపోయాడు. ఆమె కాళ్లు నేలకి ఆనేదాకా తాడు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

కాసేపటికి గోడ అవతలి నుంచి ముక్కలు అడిగారు. ఫుల్వియా వాటిని పళ్ల సంచిలో చుట్టి గోడ మీదుగా విసిరింది. సంచిలో రెండే ఉన్నాయి. మూడోది, కత్తుల గుర్తున్న రెండు, ఆ ఆటలో అన్నిటికన్నా చిన్న ముక్క, నెరీనా పర్సులో ఉంది.