ట్రయల్ వెయ్యని మెసేజ్

మా నాన్న టైలర్. ముందు గదిలో ఆయన మిషన్, వెనక గదిలో నా లాప్‌టాప్, మధ్యలో ఒక కర్టెన్. ముప్ఫై ఏళ్లుగా ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదంటే దానికి కారణం ఒక్కటే. ట్రయల్ వెయ్యకుండా ఎవరికీ బట్ట ఇవ్వడు. ముహూర్తం ముంచుకొస్తోందని పెళ్లికొడుకు కాళ్లావేళ్లా పడ్డా సరే, ఒకసారి తొడుక్కుని చూపించాకే వదులుతాడు.

నేను ఇంట్లో కూర్చునే పని చేస్తాను. దుకాణాల వాళ్లకి మెసేజ్‌లు రాసిపెట్టడం, వాళ్ల పేజీలు చూసుకోవడం, కస్టమర్లు ఏమైనా అడిగితే బదులివ్వడం. ఎవరు పిలిస్తే వాళ్ల పని. ఇలా వచ్చింది వచ్చినట్టు దాచి, సొంతంగా ఆన్‌లైన్ మార్కెటింగ్ ఆఫీసు తెరవాలని నా ఆశ. బోర్డు మీద రాయించాల్సిన పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజే నాన్న షరతు పెట్టాడు. "జనానికి పంపేముందు నాకు ట్రయల్ వెయ్యి. నాకర్థమైతే అందరికీ అర్థమైనట్టే." అప్పటినుంచి ఏ మెసేజ్ రాసినా, పేరు ఉండాల్సిన చోట ఆయన పేరు పెట్టి, ఆ దుకాణం నంబరు నుంచే ముందు ఆయనకి పంపుతాను. ఆయన జవాబు నా స్క్రీన్ మీదకి వస్తుంది. "అందింది. నడుము దగ్గర లూజు" అంటే మధ్యలో సాగదీశానని. "అందింది. చేతులు పొడుగు" అంటే చివర్లో వాగుడు ఎక్కువైందని. ఏది రాసినా ముందు 'అందింది' అని ఉండాల్సిందే.

మూడు వారాల కిందట ఒక రక్తపరీక్షల ల్యాబ్ పని దొరికింది. అక్కడి మేనేజరమ్మది మాట కరుకే కానీ, ఇచ్చిన మాట తప్పదు. ఈ పని నిలబడితే నా బోర్డు గోడ మీదకి ఎక్కినట్టే. ఆవిడ మూడు మెసేజ్‌లు అడిగింది. మొదటిది, యాభై దాటినవాళ్లకి సగం ధరకే పరీక్షలని. రెండోది, రిపోర్టు సిద్ధంగా ఉందని. మూడోది, రిపోర్టులో తేడా కనిపించినప్పుడు కౌంటర్ వాళ్లు ఆ మనిషికి మాత్రమే పంపుకునేది. మూడూ నాన్నకి ట్రయల్ వేశాను. మూడోదానికి, "అందింది. సరిపోయింది" అన్నాడు.

మేనేజరమ్మకి సరిపోలేదు. నిన్న ఫోన్ చేసింది.

"ఇంత మెత్తగా రాస్తే ఎవరొస్తారమ్మా? చూద్దాంలే అని పక్కన పడేస్తారు. మొన్నొకాయన వారం తర్వాత తీరిగ్గా వచ్చాడు. చదవగానే చెప్పులేసుకుని బయల్దేరేటట్టు రాయి."

రాశాను. 'మీ రిపోర్టులో మేం ఊరుకోలేని విషయం ఒకటి కనిపించింది. ఫోన్లో చెప్పేది కాదు. ఇవాళే రండి. ఒంటరిగా రాకండి.' ఆ చివరి మాటకి నా భుజాలు నేనే చరుచుకున్నాను. ముందు గదిలో నాన్న స్కూలు యూనిఫాంల హడావిడిలో తలమునకలుగా ఉన్నాడు. మార్చింది నాలుగు ముక్కలేగా అని ట్రయల్ వెయ్యకుండానే సేవ్ చేసేశాను.

ఇవాళ పొద్దున పదకొండింటికి స్క్రీన్ మీద నాన్న జవాబు కనిపించింది.

"అందింది. ఈసారి మరీ బిగించావు, ఊపిరాడట్లేదు. ఒంటరిగా రాకండి అన్నది తీసెయ్యి."

నవ్వబోయి ఆగిపోయాను. నేను ఆయనకి ఏమీ పంపలేదు.

సేవ్ బటన్, 'అందరికీ పంపు' బటన్ పక్కపక్కనే ఉంటాయి. నిన్న నేను నొక్కింది ఏది? ల్యాబ్ లిస్టులో నాలుగువేల మంది ఉన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

నాలుగువేల ఇళ్లు. స్టవ్ ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయిన ఆవిడ ఎవరో. బండి రోడ్డు పక్కన ఆపేసి, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక కూర్చున్న ఆయన ఎవరో. అసలే గుండెజబ్బు మనిషికి ఆ మెసేజ్ చూసి ఏమైనా అయితే? ఆఫీసు వద్దు, బోర్డూ వద్దు, ఎవరికీ ఏమీ కాకుండా ఉంటే చాలు అని పైకే అనేశాను. పంపిన మెసేజ్‌ల పట్టిక తెరుచుకునే లోపల చెమటతో జాకెట్టు తడిసిపోయింది.

పట్టికలో నిన్నటి తేదీ కింద ఏమీ లేదు. ఇవాళ్టి తేదీ కింద ఒకే ఒక్క వరస ఉంది. పంపింది ఒక్కరికి.

ఒక్కరికే. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాను. బతికిపోయాను అనుకున్నాను. ఆ నవ్వుకి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

ఎందుకంటే ఆ తర్వాత మిగతా వరస చదివాను. పంపినవారు: కౌంటర్. పక్కనే రక్తం శాంపిల్ నంబరు, సోమవారం తేదీ. ట్రయల్ మెసేజ్‌లకి శాంపిల్ నంబరు ఉండదు. ఇది నాన్న రక్తం.

మొదటి మెసేజ్‌కి, ఆ సగం ధరదానికి, ఆయనిచ్చిన జవాబు అప్పుడు గుర్తొచ్చింది. "అందింది. బాగా కుదిరింది. నేనైతే వెళ్తాను." రాసిన తీరుని మెచ్చుకున్నాడని మురిసిపోయాను.

కర్టెన్ తీసి ముందు గదిలోకి వెళ్లాను. మిషన్ నడుస్తోంది.

"మార్చావా?" అన్నాడు తలెత్తకుండా.

"నాన్నా, నువ్వు ల్యాబ్‌కి వెళ్లావా?"

"ఎవరు మోశారు నీకు? మీ అమ్మకి మాత్రం చెప్పకు. సగం ధరంటే సూదులు కూడా పొడిపించుకుంటాడు అంటుంది." ఆయన బట్టని ఇంకాస్త ముందుకి జరిపాడు. "నీ బోణీ నా చేత్తోనే చేద్దామని వెళ్లాను. మెసేజ్ చూసే వచ్చానని గట్టిగా చెప్పాను కూడా. రాసుకున్నారు. నీకు కలిసొస్తుందిలే."

"ఊరికేనా? ఒంట్లో బాగుండకా?"

"ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది. నీ పనీ అవుతుంది, నా పనీ అవుతుందని."

కత్తిరింపుల మూట మీద కూలబడ్డాను. మార్చేశానని చెబితే సరిపోతుంది. సాయంత్రం దాకా ఆయన ఇలాగే కుట్టుకుంటూ ఉంటాడు, నేను కర్టెన్ వెనక దాక్కోవచ్చు. ఆ ఆశ ఎంత బలంగా పుట్టిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇవాళే రమ్మని రాసింది నేనే.

"అది ట్రయల్ కాదు నాన్నా."

"మరి?"

"ల్యాబ్ వాళ్లు పంపారు. నీకే."

మిషన్ ఆగింది. ఆయన ఫోన్ తీసి, కళ్లజోడు ముక్కు మీదకి జరుపుకుని, మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి పెదాలు కదిలాయి. ఆఖరి మాట దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత సూది కింద ఉన్న చిన్న చొక్కా దారం తెంపి, మడతపెట్టి పక్కన పెట్టాడు.

"ఇది రాసింది నువ్వేగా?"

"నేనే."

"ఊరుకోలేని విషయం అంటే ఏంటమ్మా?"

"తెలీదు నాన్నా. చిన్న తేడాకైనా పెద్ద తేడాకైనా అదే వెళ్తుంది. అందరికీ ఒకటే."

ఆయన తలూపాడు. తిడితే బాగుండునని నాకు ఏడుపొచ్చింది. లేచి గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకున్నాడు. నేనే వంగి రెండూ సరిచేశాను.

"బ్యాగు తెచ్చుకో. నేనిక్కడే ఉంటాను" అన్నాడు.

వెనక గదిలోకి పరిగెత్తాను. బ్యాగు అందుకుంటుంటే స్క్రీన్ మళ్లీ వెలిగింది. గుమ్మంలో నిలబడి ఆయన ల్యాబ్‌కి జవాబు పంపాడు.

"అందింది. బయల్దేరుతున్నాను. మా అమ్మాయి కూడా వస్తోంది."