రేగోడ్ మీదుగా పోయే విమానం

"దీనికి హారన్ ఏడున్నది బిడ్డా?" అని అడిగాడు గిడియోన్.

మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర కంప్యూటర్ల దుకాణం నడుపుతున్న ఆశాకు ఇన్నేళ్లలో రకరకాల బేరాలు తగిలాయి గానీ, విమానానికి హారన్ అడిగిన మనిషి ఎన్నడూ తగల్లేదు. నవ్వు ఆపుకుని, "విమానానికి హారనుండది అంకుల్. పైన ఎవరు అడ్డమొస్తరు?" అంది. ఆ జవాబు గిడియోన్‌కు రుచించలేదు. ఉద్యోగమంతా మెదక్ నుంచి రేగోడ్‌కు బస్సు నడపడంలోనే గడిపినవాడు. బర్రెలు, బడిపిల్లలు, సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వీటన్నిటి మధ్య నుంచి బండిని పోనిచ్చినవాడు. హారన్ లేనిదాన్ని బండి అనడానికి అతనికి నోరు రాదు.

అసలు సంగతి ఏమిటంటే, కంటి పరీక్షలో గిడియోన్ కుడికన్ను తప్పింది. షుగరు తెచ్చిపెట్టిన మసక. స్టీరింగు మీద నుంచి దించి డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయ్యాడు. అంతకుముందు వాడ మొదట్లో మాట్లాడితే వాడ చివరిదాకా వినపడే గొంతు అతనిది. రిటైరయ్యాక మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. భార్య ఎలిశిబా ఏం వండిపెట్టినా "మంచిగున్నది" అనేవాడు. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా "మంచిగున్నది" అన్నాడు. ఆమెకు ఆ రోజే భయం పట్టుకుంది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో చూస్తూ లేచి కూర్చున్నాడు. ఎవరో తన పడకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని విమానం నడుపుతున్నాడు. మబ్బులు, కింద ఊళ్లు, చేతిలో స్టీరింగు. తనకూ అలాంటిది కావాలన్నాడు. రిటైరయ్యాక అతను నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

"స్టీరింగే కావాల్నంటె బస్సు ఆట గూడ ఉంటదట గదా" అంది ఎలిశిబా.

"ఉత్తుత్తి బస్సు నడిపితే నాకు ఏడుపొస్తదే. విమానం నేనెన్నడు నడపలే. దాంట్ల నేను పోగొట్టుకున్నదేం లేదు."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. మెత్తబడినా షరతు పెట్టింది. యంత్రం వచ్చాక ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టిస్తుంది. ఆ దినానికి అతని మొహంలోకి జీవం రాకపోతే సామానంతా దుకాణానికి వాపసు. ఆశా కూడా సరేనంది. గిడియోన్ పైకి తల ఊపాడు గానీ లోపల బెదిరాడు. యంత్రం పోతుందని కాదు, దీనితో కూడా కాకపోతే ఇక చేసి చూడడానికి ఏమీ మిగలదని.

దుకాణంలో మొదట అతని వేలు గోడకున్న అన్నిటికంటే పెద్ద టీవీ మీదికి పోయింది. బస్సు ముందరి అద్దమంత ఉంది. మసక కంటికి అదైతేనే సుఖమనుకున్నాడు.

"తెర పెద్దగైనకొద్ది దాంట్ల చుక్కలు ఎక్కువైతయి అంకుల్" అంది ఆశా. "గన్ని చుక్కలకు బొమ్మ గీసేది గీ గ్రాఫిక్స్ కార్డు. మీరనుకున్న ధరల వచ్చే కార్డుకు గంత దమ్ము లేదు. బొమ్మ ఆగుకుంట ఆగుకుంట వస్తది."

"అంటె నిండ జనాన్ని ఎక్కించుకొని గుట్ట ఎక్కినట్టు."

"గంతే. మధ్య సైజు తెర తీసుకొని జర దగ్గర పెట్టుకోండ్రి."

అది అతనికి వెంటనే తలకెక్కింది. ఆ తర్వాత బేరం చకచకా సాగింది. ఈ ఆట ప్రాసెసరును బాగా తింటుంది కాబట్టి అక్కడ పిసినారితనం వద్దంది ఆశా. ర్యామ్ కూడా మామూలు కంప్యూటరుకు వేసేదానికి రెట్టింపు వేసింది. కరెంటు సంగతి తెలిసినవాడు కనుక యూపీఎస్ మాత్రం అతనే గుర్తు చేసి మరీ అడిగాడు. గాలిలో ఉన్నప్పుడు కరెంటు పోతే ఎక్కడ దిగాలి? చివరికి విమానపు స్టీరింగు బల్ల మీదికి వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెనక్కి గుంజితే విమానం పైకి లేస్తుందని ఆశా చెబితే, అది కూడా బాగుందన్నాడు.

"కాళ్లకు పెడళ్లు గూడ తీసుకోండ్రి" అంది ఆమె.

"ఎందుకు బిడ్డా? క్లచ్ లేదు, గేర్లు లేవు. స్టీరింగున్నది గదా."

ఆమె ఇంకోసారి చెప్పింది. బస్సు డ్రైవరుకు స్టీరింగు గురించి చెప్పొద్దన్నట్టు అతను చెయ్యి ఊపేశాడు.

ఆ గర్వం ఒక్కపూటైనా నిలవలేదు. ఇంట్లో ముందు గదిలో అన్నీ బిగించి, తెర మీది బేగంపేట విమానాశ్రయంలో విమానం స్టార్టు చేశాడు. మలుపు రాగానే స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పాడు. విమానం తిన్నగా పోయి గడ్డిలో దిగబడింది. మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా తిప్పాడు. మళ్లీ గడ్డే.

"మీ విమానం గడ్డి మేస్తున్నదా ఏంది?" అంది ఎలిశిబా వంటింటి గడపలో నుంచి.

ఫోను చేస్తే ఆశా ఓపికగా చెప్పింది. నేల మీద విమానం కాళ్లతోనే తిరుగుతుంది. చేతిలోని స్టీరింగుకు పని గాలిలోకి లేచాకే. మర్నాడు దుకాణం తెరవక ముందే గిడియోన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పెడళ్ల కోసం. ఇన్నేళ్లూ చెయ్యి తిప్పాలి, కాలు ఆపాలి అని నేర్చుకున్న ఒంటికి ఇప్పుడు కాలే తిప్పాలని నచ్చజెప్పడం తేలిక కాలేదు. అయినా మొండివాడు. నచ్చజెప్పాడు. విమానం నేల విడిచి లేచింది. శివ్వంపేట మీదుగా మెదక్ వచ్చింది. చర్చి టవరు చుట్టూ ఒక చుట్టు తిరిగి, గడ్డి జోలికి పోకుండా మళ్లీ బేగంపేటలో దిగింది.

దిగాక గిడియోన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి బాగానే ఉంది. నడపడమూ వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు.

సామానులోనే ఏదో తక్కువైందనుకున్నాడు. ఇంజను చప్పుడు చాలడం లేదని స్పీకర్లు తెచ్చాడు. సీటు ఎత్తు చాలదని కుర్చీ కింద పలక వేశాడు. ప్రార్థన దగ్గర పడేసరికి మళ్లీ ఆశా ముందు నిలబడ్డాడు.

"ఎనక చూసే అద్దం ఉంటదా బిడ్డా?"

"విమానంల ఎనక ఏముంటదని చూస్తరు అంకుల్?"

గిడియోన్ ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ప్రార్థన శనివారం సాయంత్రం. టెంట్‌హౌస్ నుంచి కిరాయికి తెచ్చిన కుర్చీలు ముందు గదిలో వరసలుగా పడ్డాయి. చర్చి సంఘంలోని ఆడవాళ్లు పిల్లలతో వచ్చారు. పక్కింటి వజ్రమ్మ గుడికి పోయే మనిషే గానీ, చాయ్, బూందీ ఉన్నచోట ఆమెకు పట్టింపులు లేవు. ఒకప్పుడు రేగోడ్ నుంచి గంపతో కూరగాయలు తెచ్చి మెదక్‌లో అమ్మేది. వచ్చేదీ పోయేదీ గిడియోన్ బస్సులోనే.

పాస్టరు యోసేపు అయ్యగారు కంప్యూటరు పక్కన నిలబడి, దీనిని నడుపు నీ దాసుని ప్రయాణములను కాపాడుమని ప్రార్థించారు. ఆమెన్ అన్నాక గిడియోన్ కళ్లు తెరిస్తే, ఎలిశిబా అతని మొహమే చూస్తోంది. ఆమెకు అక్కడ ఏం కనపడిందో అతనికి తెలుసు. సోమవారం సామానంతా వాపసు పోతుంది. బాధపడే ఓపిక కూడా లేకపోయింది అతనికి.

"ఒకసారి నడిపి చూపించండ్రి గిడియోన్ గారు" అన్నారు అయ్యగారు.

కాదనలేక కూర్చున్నాడు. తెర మీద బేగంపేట వచ్చింది. వెనక కుర్చీలు జరిగిన చప్పుడు.

"జర జరుగు, నాకు కనవడ్తలేదు."

"నా కొంగు మీద కూసున్నవ్ అక్కా."

ఎవరో పిల్లవాడు బూందీ కోసం ఏడుపు అందుకున్నాడు. వజ్రమ్మ గొంతు అందరినీ దాటుకుని వచ్చింది. "తమ్మీ, గిది రేగోడ్ పోతదా?"

"పోతది."

"ఆపుతవా?"

"ఆగది పెద్దమ్మా. ఊరి మీద ఒక చుట్టు తిప్పుత, పైకెల్లి చూడు" అన్నాడు గిడియోన్, వెనక్కి తిరగకుండానే. "ముందుగాల గా గంప తొవ్వల నుంచి తియ్యి."

అక్కడ గంప లేదు. అయినా వజ్రమ్మ గబుక్కున కాళ్లు దగ్గరికి లాక్కుంది.

అప్పుడు తెలిసింది గిడియోన్‌కు. వీపు వెనక మనుషులు. సీటు కోసం కొట్లాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఎక్కడ దిగాలో పదిసార్లు అడిగేవాళ్లు, తనను నమ్మి కూర్చున్నవాళ్లు. అతనికి కావలసింది స్టీరింగు ఒక్కటే కాదు, వీళ్లు. ఇంజను స్టార్టు చేసి, చేతులు స్టీరింగు మీద, కాళ్లు పెడళ్ల మీద పెట్టి, కదలకుండా ఉండిపోయాడు.

"ఏమైంది, ఆగిపోయిందా?" అన్నారు అయ్యగారు.

"లేదయ్యగారు. రైట్ చెప్పాలె గదా."

"ఎవరు చెప్పాలె?"

గిడియోన్ తల తిప్పి తలుపు దగ్గర చాయ్ పళ్లెంతో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఎలిశిబా ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత పళ్లెం కిటికీలో పెట్టి, అరచేత్తో తలుపు చెక్క మీద రెండుసార్లు కొట్టింది.

"రైట్, రైట్."

విమానం కదిలింది.

"లోపలికి జరుగుండ్రి. తలుపు కాడ ఎవలు నిలవడొద్దు" అని అరిచాడు గిడియోన్. ఆ గొంతు వాడ చివరిదాకా వినపడింది. ఎలిశిబా కొంగుతో కళ్లు తుడుచుకుని, చాయ్ చల్లారిపోతోందని అందరి మీదా విసుక్కుంది.

సోమవారం కుర్చీల కోసం టెంట్‌హౌస్ మనిషి వచ్చాడు. ముందు వరసలోవి ఉండనిమ్మని, మిగతావి తీసుకుపొమ్మని చెప్పింది ఎలిశిబా. "బండికి సీట్లు లేకుంటె ఎట్ల?" అంది. ఆశాకు ఆమె ఫోను చేయనే లేదు.

ఆ మధ్యాహ్నం గిడియోన్ కంచం ముందు కూర్చుని ఒక ముద్ద తిని, మొహం చిట్లించాడు.

"ఏందే గీ పప్పు? ఉప్పు గింతనా?"

ఎలిశిబా వేలితో ఇంత పప్పు తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా ఆమె నవ్వు దాచుకుని ఇంకో గరిటె పప్పు అతని కంచంలో వేసింది.