తాబేలు తలెత్తి చూడలేదు

బోటు పేరు వీరదుర్గ. బందరు నుంచి పెయింటర్ని పిలిపించి, ముక్కుకి రెండు పక్కలా ఎర్రరంగుతో, పొల్లు పోకుండా రాయించారు. ఆ పేరు గల మనిషికి మాత్రం ఆ బోటు మీద కాలు పెట్టే యోగ్యత లేదు. ఆడది ఎక్కితే గంగమ్మకి కోపం వస్తుందట, వలలో చేప పడదట. గుడివాడ మార్కెట్లోనూ బందరులోనూ చేపలమ్మి ఆ బోటు కొనిపించింది వీరదుర్గే. ఆమె చేపల బుట్ట మోసినన్నాళ్లూ గంగమ్మకి ఏ కోపమూ రాలేదు మరి.

కోడూరు దాటాక రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉంది ఆ పల్లె. ఈ రూలు ఎవరు పెట్టారో అక్కడ ఎవరికీ తెలియదు గానీ, దానికి కాపలా కాసేవాడు మాత్రం భూషణం. ఊరికి పెద్ద. వీరదుర్గకి బావగారు, అంటే ఆమె మొగుడు అంకమ్మరావుకి స్వయానా అన్న. అంకమ్మరావు గాలివానలో బోటు నడపగలడు. అన్న ఎదుట నోరు మాత్రం విప్పలేడు.

రెండువేల మూడులో, సముద్రంలో వేట మీద సర్కారు పెట్టే వేసవి నిషేధం మొదలవుతుందనగా, వీరదుర్గ మొగుడికి అన్నం వడ్డిస్తూ ఒక మాట అంది.

"నిషేధం అయ్యాక బోటు దింపేటప్పుడు గంగపూజ నేను చేస్తా. బోటెక్కి చేస్తా. ఆ రోజు నీతో పాటు వేటకీ వస్తా."

అంకమ్మరావు ముద్ద ఆపాడు. "అన్నయ్య ఒప్పుకోడే."

"ఆయన్ని ఒప్పుకోమని ఎవరడిగారు?"

సాయంత్రానికల్లా సంగతి భూషణం చెవిన పడింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇచ్చిన టీ తాగి మరీ మొదలెట్టాడు.

"తాబేలు గంగమ్మ వాహనం, దుర్గా. ఆడగాలి తగిలితే ఆ చుట్టుపక్కల ఉండదు. తాబేలు లేచిపోయిన నీళ్లల్లో చేప ఉండిద్దా? నువ్వు గనక ఎక్కావంటే నీ బోటు మీదికి ఒక్క కళాసీ రాడు. వల ఎవరు లాగుతారో చూసుకో."

అది ఉత్త బెదిరింపు కాదు. ఆయన వద్దంటే కూలికొచ్చే కళాసీలు నిజంగానే రారు, బోటు ఒడ్డున ఎండాల్సిందే. వీరదుర్గకి ఒళ్లు మండిపోయింది.

తాబేలు మాట ఎత్తడం మరీ విడ్డూరం. వలలో తాబేలు పడితే దాని నెత్తిన కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, నీళ్లలోకి వదిలేస్తారు వాళ్లు. ఆ కుంకుమ పొట్లం కట్టి అంకమ్మరావు క్యారేజీలో పెట్టేది వీరదుర్గే. పెళ్లయినప్పటి నుంచీ పెడుతూనే ఉంది. ఇంతా చేసి బతికున్న తాబేలుని ఆమె ఒక్కసారీ చూడలేదు. చూసినవన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చి కుక్కలు పీకుతున్నవే.

ఆ నిషేధం రోజుల్లోనే అండమాన్ ప్రయాణం పడింది. వీరదుర్గ తమ్ముడు చంద్రశేఖర్ అక్కడ హేవలాక్ దీవిలో, టూరిస్టుల్ని సముద్రం అడుగుకి తీసుకెళ్లే డైవింగ్ షాపులో బోటు నడుపుతాడు. అతని భార్య భూషణం కూతురు. వాళ్ల పిల్లాడి పుట్టినరోజుకి భూషణమూ, అంకమ్మరావూ, వీరదుర్గా విశాఖపట్నంలో ఓడెక్కారు. ఓడెక్కడానికి ఆడవాళ్లకి టిక్కెట్టు ఉంటే చాలు. గంగమ్మ అడ్డు చెప్పలేదు, భూషణం కూడా ఆ ఊసెత్తలేదు.

పుట్టినరోజు మర్నాడు చంద్రశేఖర్ అందర్నీ డైవింగ్ బోటు చూపిస్తానని తీసుకెళ్లాడు. అక్కడి నీళ్లు చూసి వీరదుర్గ ఆశ్చర్యపోయింది. కృష్ణానది మట్టి కలిసే తమ సముద్రంలో మోకాలి లోతున పాదం కనపడదు. ఇక్కడ అడుగున గడ్డి సైతం కనిపిస్తోంది.

"ఇక్కడ తాబేళ్లుంటాయంట్రా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"రోజూ కనపడతాయక్కా. ఆ గడ్డి మేయడానికే వస్తాయి."

"అయితే నేను దిగుతా."

భూషణం గట్టిగా నవ్వాడు. "దిగనీ అల్లుడూ. తాబేలు ఉండిద్దో పారిపోయిద్దో ఇక్కడే తేలిపోయిద్ది."

"దుర్గా, వద్దే," అన్నాడు అంకమ్మరావు, అన్న వైపే చూస్తూ.

"నువ్వు నాకేసి చూసి చెప్పు, అప్పుడు వింటా," అంది వీరదుర్గ. అతను చూడలేదు. ఆమె వినలేదు.

డైవింగ్ మాస్టర్ తమిళాయన. వచ్చీరాని తెలుగులో, నోటితో గాలి పీల్చడం, ఊపిరి బిగబట్టకపోవడం, దేన్నీ ముట్టుకోకపోవడం నేర్పాడు. వీరదుర్గ అన్నిటికీ బుద్ధిగా తలూపింది. రబ్బరు చొక్కా తొడుక్కునేటప్పుడు మాత్రం, ఎవరూ చూడకుండా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక పొట్లం చేతి మడతలో దోపుకుంది.

నీళ్లలోకి దిగాక మొదట భయమే వేసింది. చెవుల్లో తన ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు. పైకి పోదామనిపించింది కూడా. పైన భూషణం నవ్వుతూ కూర్చుని ఉంటాడని గుర్తొచ్చి కిందికే వెళ్లింది.

అడుగున తాబేలు ఉంది. బండి చక్రమంత తాబేలు. గడ్డి కొరుకుతోంది, నములుతోంది, మళ్లీ కొరుకుతోంది. వీరదుర్గ దానికి నాలుగు బారల దూరంలో ఆగి, పారిపోతుందేమోనని చూసింది. పారిపోలేదు. ఇంకొంచెం దగ్గరికి వెళ్లింది. అది తలెత్తి కూడా చూడలేదు. ఇసక మీద మోకాళ్లానించి ఆమె అలాగే ఉండిపోయింది. అద్దం లోపల కళ్లు తడిశాయి. దుఃఖంతో కాదు, కోపంతో. ఈ మేసే జీవిని అడ్డం పెట్టుకునా ఇన్నాళ్లూ తనని ఒడ్డున నిలబెట్టింది?

తాబేలు కనబడ్డాక కుంకుమ పెట్టకుండా ఎలా ఉంటుంది? ముట్టుకోవద్దన్నారు కాబట్టి, దూరం నుంచే పొట్లం విప్పి దానివైపు చల్లింది. తరాలుగా పడవ మీద చేసే పని, నీళ్ల కింద ఏమవుతుందో ఎవరికి తెలుసు? కుంకుమ గుప్పుమని విచ్చుకుని ఆమె మొహం చుట్టూ కమ్ముకుంది.

డైవింగ్ మాస్టర్ అది నెత్తురనుకున్నాడు. ఆమె రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయాడు.

బోటు మీంచి చూసినవాళ్లకీ అది నెత్తురే. భూషణం లేచి నిలబడి, "చెప్పానా, గంగమ్మ ఊరుకోదని చెప్పానా," అంటున్నాడు. అంకమ్మరావు మాత్రం వేసుకున్న చొక్కాతోనే నీళ్లలోకి దూకేశాడు. దూకేముందు అన్న వైపు చూడలేదు. అది వీరదుర్గ తర్వాత తమ్ముణ్ణి అడిగి మరీ రూఢి చేసుకుంది.

పైకి రాగానే ఆమె నోట్లో గొట్టం తీసి, "కుంకుమయ్యా, కుంకుమ," అంది మొగుడితో. తర్వాత భూషణంతో చెప్పింది. "తాబేలు పారిపోలేదు బావగారూ. మేస్తానే ఉంది."

భూషణం తడబడ్డాడు గానీ తగ్గలేదు. "ఇక్కడి తాబేళ్లు వేరు, మనయ్యి వేరు. ఇయ్యి టూరిస్టులకి అలవాటు పడ్డయ్యి."

ఇంటికొచ్చాక, నిషేధం ముగిసిన రోజున, ఊరంతా ఒడ్డున చేరింది. వీరదుర్గ పసుపు నీళ్లతో బోటు ముక్కు కడిగి, చీర ఎగదోపి, ఎక్కేసింది. తన పేరు పక్కనే కొబ్బరికాయ కొట్టింది. బోటు మీదున్న కళాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత భూషణం మొహం చూసి, దిగిపోయారు. అంకమ్మరావు కాసేపు నిలబడ్డాడు. నిలబడి, ఇంజను తిప్పాడు.

మొగుడూ పెళ్లాం ఇద్దరే వల దింపారు, ఇద్దరే లాగారు. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంత కష్టానికీ వలలో పడింది నాచూ, నాలుగు పీతలూ.

సాయంత్రం ఒడ్డున భూషణం ఎదురుచూస్తున్నాడు. ఖాళీ వల చూసి, పదిమందీ వినేట్టు, "ఇప్పుడేమంటావు?" అన్నాడు.

వీరదుర్గ బోటు దిగి, ఆ రోజే వేటకెళ్లొచ్చి అక్కడ కట్టి ఉన్న ఆయన బోటులోకి తొంగిచూసింది. అదీ ఖాళీయే.

"నాది నేనెక్కానని ఖాళీగా వచ్చింది, సరే. మీది ఎవరెక్కారని బావగారూ?"

జనంలో ఎవరో నవ్వారు. భూషణం ఎవరా అని వెనక్కి చూశాడు. అంకమ్మరావు నవ్వు ఆపుకోలేదు.

మర్నాడూ కళాసీలు రాలేదు. వీరదుర్గ చేతులకి గుడ్డలు చుట్టుకుని, చీకటుండగానే అన్నం వండి క్యారేజీ కట్టింది. కుంకుమ పొట్లం అందులో పెట్టలేదు. నడుముకి దోపుకుని బోటెక్కింది.