సున్నాల ఆయా

లోకంలో సున్నా వచ్చిందని సంబరపడే మనిషి ఎవరైనా ఉంటారా అంటే, ఓ ఆసుపత్రి కింది అంతస్తులో ఒక ఆయా ఉంది. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నందుకు ఆవిడ నాన్న వీపు విమానం మోత మోగించాడు. పెద్దయ్యాక అదే సున్నా మూడు నెలలకోసారి ఒక కాగితం మీద వచ్చేది. దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, గోడ అద్దం అంచులో అందరికీ కనబడేలా గుచ్చేది.

ఆ కింది అంతస్తులో చేసే స్కాన్ వేరే రకం. ముందు సూదితో కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. అది ఒంట్లో చేరాల్సిన చోటికి చేరి, అక్కణ్ణుంచి కిరణాలు పంపుతుంటే యంత్రం వాటిని చూసి బొమ్మ తీస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళందరి ఛాతీ మీదా అగ్గిపెట్టెంత బ్యాడ్జీ ఉండాలి. ఎవరికి ఎంత తగిలిందో ఆ బ్యాడ్జీని కొలిచి మూడు నెలలకోసారి చెబుతారు. లెక్కలోకి రానంత తక్కువైతే సున్నా వేస్తారు. టెక్నీషియన్లకు ఎంతో కొంత అంకె వచ్చేది. ఆయాకు మాత్రం పదకొండేళ్ళుగా వరసగా నలభై నాలుగు సున్నాలు. అందుకే ఆసుపత్రి అంతా ఆవిణ్ణి సున్నాల ఆయా అని పిలిచేవారు, ఆవిడా పిలిపించుకునేది.

ఊరికే వచ్చిన సున్నాలు కావవి. సూది వేయించుకున్నవాళ్ళు కూర్చునే గదిలో ఆవిడ నీళ్ళ సీసా స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేది. మాట్లాడాలంటే గుమ్మంలో నిలబడి మాట్లాడేది. గొంతు మాత్రం గోడలు దాటేది. కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. మాకేమైనా అంటురోగమా అని ఒకాయన అడిగేశాడు కూడా.

అసలు ఆ గదిలో ప్రశ్నలకు కొదవ లేదు. డాక్టరు ముందు బుద్ధిగా తలూపి వచ్చినవాళ్ళంతా ఆయా కనబడగానే నోరు విప్పేవారు. జుట్టు ఊడుతుందా? ఊడదు, ఊడితే ఆ పాపం మందుది కాదు, మీ వయసుది. చీకట్లో మెరుస్తామా? మెరిస్తే ఈ వరండాలో బల్బులెందుకు, మిమ్మల్నే వరసగా కూర్చోబెట్టేవాళ్ళం. ఆ మందు ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది? మీకు వేసింది ఆరు గంటలకు సగమవుతుంది, మరో ఆరు గంటలకు అందులో సగం. ఈలోగా నీళ్ళు బాగా తాగితే కొంత బాత్రూమ్ దారిన పోతుంది, మీరు మాత్రం రెండుసార్లు ఫ్లష్ నొక్కి, చేతులు సబ్బుతో కడుక్కుని రండి. యంత్రం లోపల ఎక్కువసేపు ఉంటే ఎక్కువ కిరణాలు తగులుతాయా? ఆ యంత్రం ఏమీ వదలదు, మిమ్మల్ని చూస్తుందంతే. ఇన్ని వేళాకోళాల మధ్య ఒక్క మాట మాత్రం ఆవిడ నవ్వకుండా చెప్పేది. కడుపుతో ఉన్నా, పాలిచ్చే తల్లయినా, అనుమానం ఉన్నా, సూదికి ముందే చెప్పాలి.

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఒకటుంది. వారానికి ఒక్కరైనా అడిగేవారు.

"మాకేం కాదంటున్నావు. మరి నువ్వెందుకమ్మా ఆ గుమ్మం వదలవు?"

"మీరు వానలో ఒక్క పరుగు తీసి ఇంటికెళ్ళిపోతారు. నేను రోజూ ఆ వానలోనే పనిచేయాలి. గొడుగు నాకు కావాలండీ."

ఇక ఎక్కువమంది అడిగేది మనవల గురించి. ఇంటికెళ్ళాక చంటివాణ్ణి ఎత్తుకోవచ్చా, ఎత్తుకుంటే ఎంతసేపు అని ముసలివాళ్ళు బిక్కమొహం వేసుకుని అడిగేవారు. ఇవాళ్టికి దూరం నుంచే ఆడించండి, రేపు ఎత్తుకుని ఇవాళ్టివి కూడా కలిపి ముద్దులు పెట్టండి అనేది ఆయా. చెప్పి పక్కకు తిరిగేది. ఆవిడకు అప్పటికింకా మనవలు లేరు.

కొడుకు పెళ్ళయిన నాలుగేళ్ళకు కోడలు నెల తప్పింది. ఆ అమ్మాయిది బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని. కుట్టు తప్పిన చొక్కా ఆమె చెయ్యి దాటి పోయిన దాఖలా లేదు. అలాంటి కన్ను ఇప్పుడు అత్తగారి మీద పడింది. ఆస్పత్రి నుంచి వచ్చే చెప్పులు, చీర, సంచి, అన్నీ అనుమానమే. మూడో నెలలో తాడో పేడో తేల్చుకుందామని కూర్చోబెట్టి మాట్లాడింది. తనకు తల్లి లేదు. పురుడయ్యాక బిడ్డను చూసుకోవాల్సింది అత్తయ్యే. కాబట్టి పురుడు వచ్చేదాకా ప్రతి కాగితం మీదా సున్నా ఉండాలి. ఉంటే బిడ్డ అత్తయ్య చేతుల్లోనే పెరుగుతుంది. లేదంటే ఆవిడ ఆ పని మానేయాలి, మానకపోతే బిడ్డను ముట్టుకోకూడదు.

కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నలిగాడు. ఆయాకు మాత్రం కోపం రాలేదు. నలభై నాలుగు సున్నాలు చూపించిన మనిషికి ఇంకో రెండు ఒక లెక్కా అనుకుని సరేనంది.

అంతటితో ఆగితే ఆమె చెకింగ్ మనిషి ఎందుకవుతుంది? ఒక నోటుపుస్తకం తెరిచింది. రోజూ సాయంత్రం అత్తగారు కాళ్ళు కడుక్కుని కూర్చోగానే ప్రశ్నలు మొదలు. ఫ్యాక్టరీలో రాసినట్టే తేదీ, ప్రశ్న, జవాబు, చివర తృప్తి అనో అతృప్తి అనో రాసేది. అతృప్తి పడితే మర్నాడు ఆయా, ఆస్పత్రిలో రేడియేషన్ వ్యవహారాలు చూసే భద్రతాధికారిని అడిగి కొత్త జవాబు తేవాల్సిందే. రోగులు పదకొండేళ్ళలో అడగనివి కూడా ఆ అమ్మాయి అయిదు నెలల్లో అడిగేసింది. ఆయాకు తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఒక్కరోజు కూడా, ఇక చాలమ్మా అనలేదు.

ఎనిమిదో నెలలో నలభై ఆరో కాగితం వచ్చింది. భద్రతాధికారి ఆయాను తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చోమనడు, నవ్వుతూ కాగితం చేతికిస్తాడు. కాగితం మీద సున్నా ఉంది. సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన ఒకటి.

ఇది ప్రమాదమేమీ కాదని ఆయన రెండుసార్లు చెప్పాడు. ఏడాదికి ఉన్న హద్దులో ఇది ఓ మూలకు కూడా రాదు. కానీ ఎప్పుడూ లేనిది ఎందుకొచ్చిందో కారణం రాయాలి. ఎక్కడైనా మందు ఒలికిందా, ఎవరినైనా పట్టుకుని కూర్చున్నారా అని అడిగాడు. ఆయాకు ఏమీ తోచలేదు. కారణం తేలేదాకా రెండో అంతస్తులో దుప్పట్ల గదిలో పని చేయమన్నాడు.

ఆ మాటకు ఆవిడ ఒళ్ళు భగ్గుమంది. దుప్పట్లు మడతపెట్టడం తప్పుపని కాదు. కానీ ఆ గుమ్మం తనది, అక్కడ నిలబడే పద్ధతి తనది, ఆ జవాబులు తనవి. పదకొండేళ్ళ పరువు ఒక్క చుక్కలో పోయిందని ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

కొడుకు వీధి మొదట్లోనే ఎదురొచ్చాడు. సంగతి విని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. సున్నా వచ్చిందని చెప్పెయ్, కాగితం ఇవ్వలేదని చెప్పెయ్, ఎలాగూ ప్రమాదం లేదన్నారు కదా అని బతిమాలాడు.

"ఇన్నాళ్ళూ నిజం సున్నాలు తెచ్చానురా. ఇవాళ అబద్ధం సున్నా తెస్తే వెనకటివన్నీ ఏమవుతాయి?"

కొడుకు పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

ఇంట్లోకి వెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ఆయా ఆ కాగితం కోడలి ముందు బల్ల మీద పెట్టింది. మాటంటే మాటేనని, నెలాఖరుకు పని మానేస్తానని చెప్పింది. గొంతు వణక్కుండా చెప్పగలిగినందుకు లోపల తనను తనే మెచ్చుకుంది.

కోడలు కాగితం చదివింది. తిరగేసి వెనక కూడా చూసింది. తర్వాత లేచి, నడుము పట్టుకుని వెళ్ళి నోటుపుస్తకం తెచ్చి, ఆ మూడు నెలల పేజీలూ ఒక్కొక్కటే వేలు పెట్టి చూడసాగింది. ఫ్యాక్టరీలో చొక్కాలు తిరగేసే పద్ధతే అది. అత్తగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

అది స్వెట్టర్ గురించి. ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరమ్మ ఒకావిడ సూది వేయించుకుని ఏసీ చలికి గడగడ వణుకుతుంటే, ఆయా తన స్వెట్టర్ తీసి తొడిగిందట. ఆ సాయంత్రం కోడలు అడిగిన ప్రశ్న, మందెక్కిన మనిషి వేసుకున్న స్వెట్టర్ ఇంటికి తేవచ్చా అని. జవాబు, కిరణాలు బట్టకు అంటుకోవు, మందు ఒలికితేనే అంటుకుంటుంది, అయినా కిరణాలు కొలిచే మీటరు పెట్టి చూశాం, కిక్కురుమనలేదు అని. కింద తృప్తి అని రాసి ఉంది.

"స్వెట్టర్ ఆవిడ ఒంటి మీద ఎంతసేపుంది అత్తయ్యా?"

"మూడు గంటలు. బొమ్మ తీసేదాకా. నేను పైన ఫైళ్ళు వెతుకుతున్నాను."

"మరి మీ బ్యాడ్జీ?"

ఆయా చెయ్యి తనంతట అదే ఛాతీ మీదికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా ఉన్న చోటే, స్వెట్టరుకే, తగిలించి ఉంది బ్యాడ్జీ. ఆ స్వెట్టరును తీసుకెళ్ళి మందెక్కిన మనిషికి తొడిగి, బొత్తాలు కూడా పెట్టి వచ్చింది తను. ఆ బ్యాడ్జీ మూడు గంటలపాటు లెక్కపెట్టింది ఆయాను కాదు, హెడ్మాస్టరమ్మను. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి చేసిన నిర్వాకమిది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ ఇంట్లో ఆ భూతమే అత్తగారిని కాపాడింది.

మర్నాడు, ఆ ఆస్పత్రి వీధి మొహం కూడా చూడనన్న అమ్మాయి, ఎనిమిదో నెల కడుపుతో భద్రతాధికారి గదికి వచ్చింది. కిరణాలు అక్కడిదాకా వస్తాయా అని ముందు ఫోనులో అడిగి, జవాబు పుస్తకంలో రాసుకుని మరీ వచ్చింది. పుస్తకం తెరిచి అరవై ఒకటో ప్రశ్న చూపించింది. అధికారి ఆ తేదీ రిజిస్టరు తీయించాడు. హెడ్మాస్టరమ్మకు సూది తొమ్మిదింటికి, బొమ్మ పన్నెండింటికి. ఆవిడకు వేసిన మందుకు, మూడు గంటలకు, అంత దగ్గరలో బ్యాడ్జీ ఉంటే ఎంత రావాలో కాగితం మీద లెక్క వేశాడు. ఇంచుమించు అంతే వచ్చింది. ఆ అంకె ఆయాది కాదని రాసి సంతకం పెట్టాడు. బ్యాడ్జీ ఉన్న బట్టను వేరేవాళ్ళకు ఇచ్చినందుకు ఆయాకు ఒక మందలింపు కాగితం కూడా ఇచ్చాడు. తప్పు తప్పేనని ఆవిడ రెండు చేతులతో తీసుకుంది.

ఆయన పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు. ఒక పేజీ, మరో పేజీ చదువుతూ ఉండిపోయాడు. మధ్యలో ఒకచోట నవ్వాడు, ఒకచోట పెన్సిలు తీశాడు. రోగుల కోసం ఇలాంటిదొకటి రాయాలని తను రెండేళ్ళుగా అనుకుంటున్నానని, నాలుగు వాక్యాలు దాటలేదని ఒప్పుకున్నాడు.

"ఈ జవాబులు ఎవరివి?"

"మా అత్తయ్యవండీ," అంది కోడలు. "నూట నలభై మూడు. అన్నీ చెక్ చేశాను."

ఆయా జీవితంలో ఎన్ని సున్నాలు వచ్చినా ఆ క్షణంలో కలిగినంత గర్వం ఎప్పుడూ కలగలేదు. తల దించుకుందామనుకుంది గానీ దించలేదు. పుస్తకం ఇమ్మంటే కోడలు ఇవ్వనంది, నకలు తీసుకోమంది. పది రోజుల్లో ఆ ప్రశ్నలూ జవాబులూ పెద్ద అక్షరాలతో వెయిటింగ్ గది గోడకెక్కాయి. ఆయా మళ్ళీ తన గుమ్మంలోకి వచ్చింది. గోడ మీద ఉన్నా జనం ఆవిణ్ణే అడిగేవారు. చదువుకోలేరా అని కసురుతూ ఆవిడ చెప్పేది.

నెల తిరిగేసరికి పురుడొచ్చింది. ఆడపిల్ల. తర్వాతి కాగితం రావడానికి ఇంకా వారాలు పడుతుంది. ఆయా ఆ సంగతి మరచిపోలేదు. అందుకే నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డతో రాగానే ఆవిడ అలవాటుగా గుమ్మం దగ్గరే ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, అక్కణ్ణుంచే మెడ సాచి చూసింది. పిల్ల నుదురు చిన్నది, కోపం అప్పుడే కనబడుతోంది. కాగితం వచ్చాక ఎత్తుకుంటానులే అంది.

కోడలు మంచం మీద నుంచి నర్సుకు సైగ చేసింది. నర్సు వచ్చి బిడ్డను ఆయా చేతుల్లో పెట్టింది. ఆవిడ మోచేతులు బిగుసుకుపోయాయి. పదకొండేళ్ళుగా ఎందరో తనను అడిగిన మాటే ఆవిడ నోట వచ్చింది.

"ఎంతసేపు ఎత్తుకోవచ్చమ్మా?"

కోడలు దిండు కింద నుంచి నోటుపుస్తకం తీసి, తేదీ వేసి, ప్రశ్న రాసుకుంది. జవాబు కూడా తనే రాస్తూ పైకి చదివింది.

"మీ చేతులు నొప్పి పుట్టేదాకా."