ఎజ్రా కొట్లో పెండలం

శనివారం పొద్దున లండన్ బ్రిక్స్‌టన్‌లో ఎజ్రా కొట్టు తెరవకముందే జమైకా జనం వరస కట్టేస్తారు. ఉప్పు చేప, అరటికాయలు, సీమపనస, అన్నిటికంటే ముందు పసుపు పెండలం. ఎజ్రా కత్తి ఎత్తగానే అందరిదీ ఒకటే పాట: "తల వద్దు, నడుము ముక్క కొయ్యి." తల ఓ పట్టాన ఉడకదు, అది నాటుకోవడానికి. లండన్‌లో నాటేదెక్కడ? సాయంత్రానికి తలలన్నీ చెత్తబుట్టలోకే పోతాయి.

ఆ పెండలాలకో అలవాటుంది. లండన్‌లో స్థిరపడి, మళ్లీ జమైకాకి వెళ్లి ఉండిపోయే మనిషి చెయ్యి తగిలితే మొలకెత్తి, మణికట్టుకి తీగ చుట్టేస్తాయి. చచ్చినా వెళ్లనన్న బార్నెట్ గారికి అలాగే చుట్టింది. ఆ ఏడు క్రిస్మస్ ఆయన అక్కడే చేసుకున్నాడు. ఎజ్రా తీగ కోసేసి, పెండలం తూచి, తర్వాతివాళ్లని పిలుస్తాడు.

ఆ శనివారం డోర్కస్, ఆమె ఆడపడుచు ఐసిల్డా కలిసి వచ్చారు. కలిసి అన్నమాటే గాని మొహాలు చూసుకోలేదు. డోర్కస్ మొగుడు లెస్టర్ పోయి వారమైంది. మర్నాడు తొమ్మిదో రాత్రి. ఆత్మని సాగనంపే ఆ విందుకి పెండలం వేసి మేకతలకాయ పులుసు కాయాలి. చెల్లెలు ఐసిల్డా జమైకాలో పెండలాలకి పేరుమోసిన ట్రెలానీ నుంచి వచ్చింది పులుసు తాగడానికి కాదు, అన్న శవాన్ని పట్టుకుపోవడానికి.

"ఇదా పెండలం? మా ఊళ్లో పందులక్కూడా వెయ్యం," అంది ఐసిల్డా.

"అయితే తినకు. పస్తుండు."

"నా సంగతి సరే వదినా, మా అన్న మాత్రం ఈ చలి మట్టిలో పడుకోడు. మా పెరట్లో, మా అమ్మ పక్కన పడుకుంటాడు."

డోర్కస్‌కి ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు నా పక్కన పడుకున్నవాడే! నువ్వు పట్టుకుపోతే నేనెక్కడికెళ్లి ఏడవాలి?"

"ఫోటో ముందు కూర్చుని ఏడు. ఆ దేశం మొహం చూడనన్నది నువ్వేగా?"

"అన్నాను. నీ మొహం అక్కడుంది గనక!"

"పోట్లాట తర్వాత, ముందు పెండలం తేల్చండమ్మా," అన్నారెవరో వెనకనుంచి.

మిగిలిన ఒక్క పెద్ద పెండలాన్ని ఇద్దరూ రెండు పక్కలా పట్టుకుని గుంజారు. దాని తలలోంచి మొలక లేచింది. తీగ ఐసిల్డా వేళ్లని దాటుకుని పోయి డోర్కస్ మణికట్టుకి చుట్టుకుంది. వెనకావిడ మిరపకాయలు ఏరుకుంటూ ఉండిపోయింది.

డోర్కస్ తీగని లాగింది, రాలేదు. భయమేసింది. వారం రోజులుగా ఆడపడుచు ముందు బిగబట్టుకున్న ఏడుపు అక్కడే వచ్చేసింది. ఏడ్చి, మొహం తుడుచుకుంది.

"సరే, లెస్టర్‌ని తీసుకెళ్దాం," అంది.

ఐసిల్డా మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. "తీసుకెళ్దాం ఏంటి?"

"నేనూ వస్తున్నా. వచ్చి ఉండిపోతా. పెరటి వైపు గది ఖాళీ చేసిపెట్టు."

"అది నా కుట్టుమిషను గది!"

"సమాధి కనిపించేది ఆ కిటికీలోంచే. మిషను వంటింట్లో పెట్టుకో."

ఎజ్రా తీగ కోసి, పెండలాన్ని తూచాడు. "నడుము ముక్కేనా అమ్మా, ఎప్పట్లాగే?"

"నడుము పులుసులోకి. తల విడిగా కట్టు."

"ట్రెలానీకి పెండలం మోసుకొస్తావా! నలుగురూ నవ్వుతారు," అంది ఐసిల్డా.

"నవ్వనీ. నా మొగుడి పక్కన నాటుకునే పెండలాన్ని నీ దగ్గర అడుక్కోను."

ఎజ్రా తలని కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.